నెత్తళ్ళు పోయాక సోయా వచ్చింది

ఫీడు బస్తా మీద ప్రొటీన్ శాతం చూసి కొంటాం. ఆ ప్రొటీన్ వెనక ఓ కథ ఉంది.

ఒకప్పుడు చేప పొడి అంటే పెరూ దేశమే. మన నెత్తళ్ళ లాంటి చిన్న చేపని ఉడికించి, పిండి, ఎండబెట్టి పొడి కొట్టేవాళ్ళు. 1970లో ఆ ఒక్క రకమే కోటి టన్నులు దాటి పట్టారు. అప్పట్లో అది ఎక్కువగా కోళ్ళకీ పందులకీ పోయేది. అసలే మితిమీరి పట్టేశారు, పైగా 1972లో ఎల్ నినో వచ్చి సముద్రం వేడెక్కింది. 1973లో 20 లక్షల టన్నులు కూడా పడలేదు.

అందరూ సోయా చెక్క మీద పడ్డారు. ధర మండిపోయింది. ఆ జూన్‌లో అమెరికా సోయా ఎగుమతే ఆపేసింది. ఆ దెబ్బకి జపాన్ బ్రెజిల్ వైపు చూసింది. అక్కడి బీడు నేలల్లో సోయా సాగుకి పెట్టుబడి పెట్టింది. చేపల మేతలోకి సోయా బాగా దిగింది ఆ తర్వాతే. పచ్చి సోయా మాత్రం పనికిరాదు. అందులో అరుగుదలని అడ్డుకునే పదార్థం వేడి చేస్తేనే విరుగుతుంది.

మన కొల్లేరు వైపు బొచ్చె, శీలావతి పెరిగింది తవుడు మీద, వేరుశనగ చెక్క, పత్తి చెక్క మీద. చిల్లుల సంచుల్లో కట్టి వేలాడదీస్తే చాలు (ఆ సంచి ఎవరు కనిపెట్టారోగానీ దండం పెట్టాలి). రొయ్యకి అలా కుదరదు, దాని మేతలో చేప పొడి ఎంతో కొంత కలుపుతారు. 2023లో పెరూ మొదటి సీజను వేట రద్దు చేసేసరికి పొడి ధర మళ్ళీ ఎగిరింది. రొయ్య వేసినోళ్ళు వార్తల్లో ఎల్ నినో మాట వినబడితే మేత ధర కూడా వాకబు చేసుకోండి.