పుట్టుకతో వచ్చిన పీట, పేరుతో రాసిన ఓటు

మా మడకశిర పక్క కొత్త మనిషి ఎదురైతే పెద్దలు మొట్టమొదట అడిగేది "ఎవరి కొడుకువి నాయనా?" అనే. "ఏం చేస్తావు?" అన్నది ఆ తరువాతి మాట. వంశం పేరు చెప్పగానే కుర్చీ వేయడం, చాయ్ తెప్పించడం మన మర్యాద. ఇందులో తప్పేమీ లేదు. అయితే చట్టం చేసే సభలో కూర్చున్న మనిషి విషయంలో మాత్రం ఆ ప్రశ్న చాలదు. "బిల్లు వచ్చిన రోజున ఎటువైపు ఓటు వేసినావు?" అన్నదే అక్కడ అసలు ప్రశ్న. వంశం చెప్పే మాట ఒకటి, ఓటు చెప్పే మాట ఇంకొకటి కావచ్చునని చరిత్రలో చాలా తార్కాణాలున్నాయి. వాటిలో కొన్నింటిని మన సొసైటీ సభ్యుల ముందు, ముఖ్యంగా చదువుకుంటున్న మన పిల్లల ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ప్రభువుల సభ సంగతి

వారసత్వపు సభ్యత్వం అనగానే మొదట చెప్పవలసింది ఇంగ్లాండులోని ప్రభువుల సభను గురించి. అక్కడ తండ్రి లార్డు అయితే, తండ్రి తరువాత పెద్ద కొడుకు లార్డు. 1999 వరకు ఎన్నిక ఉండేది కాదు, ప్రజల గడప తొక్కే పని ఉండేది కాదు. పీట ఇంట్లోనే ఉండేది. 1868 వరకు ఇంకొక సదుపాయం కూడా ఉండేది. సభకు రాకుండానే, చర్చ ఒక్క ముక్క వినకుండానే, తన ఓటును ఇంకొక లార్డు చేతికిచ్చి వేయించవచ్చు. ఆ ఏడు ఆ పద్ధతిని నిలిపివేసినారు.

పీట వారసత్వానిదే అయినా ఓటు మాత్రం గుట్టుగా ఉండేది కాదు. విభజన కోరితే సమ్మతించేవారు ఒక వైపు, సమ్మతించనివారు ఇంకో వైపు నడిచిపోవాలి. పేర్లు రాసుకుంటారు, అచ్చు వేస్తారు. కనుక ఏ లార్డు ఏ రోజున ఎటు నడిచినాడో ఈనాటికీ తీసి చూడవచ్చు.

అట్లా తీసి చూస్తే ఏం కనబడుతుంది? 1893 సెప్టెంబరులో ఐర్లాండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లు వచ్చింది. ప్రజలెన్నుకున్న దిగువ సభ దాన్ని ఒప్పుకున్నది. ప్రభువుల సభ 41 ఓట్లకు 419 ఓట్లతో తిప్పికొట్టింది. 1909 నవంబరు 30న ఇంకా పెద్ద పని చేసినారు. వృద్ధుల పింఛన్లకు, యుద్ధ నౌకలకు డబ్బు కావాలని భూస్వాముల మీద, ధనికుల మీద పన్ను వేసిన బడ్జెట్టునే 350 మంది కాదన్నారు, 75 మంది మాత్రమే ఔనన్నారు. ఏడాదంతా సభ మొహం చూడని లార్డులు తమ భూమికి పన్ను అనేసరికి రైళ్ళెక్కి వచ్చినారని ఆ కాలంలో చెప్పుకునేవారు. మిగతా రోజుల్లో వాళ్ళ రికార్డు ఖాళీ. తమ ఆస్తి సంగతి వచ్చిన రోజున మాత్రం పేరు నిండుగా ఉంటుంది. ఆ ఖాళీ కూడా సాక్ష్యమే.

దాని ఫలితం 1911 ఆగస్టు 10న తేలింది. ప్రభువుల సభ ఇకమీదట డబ్బు బిల్లులను ఆపరాదు, తక్కినవాటిని కొంతకాలం ఆలస్యం చేయగలదే తప్ప చంపరాదు అనే బిల్లు ఆ సభ ముందుకే వచ్చింది. ఒప్పుకోకపోతే వందలమంది కొత్త లార్డులను తెచ్చి కూర్చోబెడతామని ప్రభుత్వం బెదిరించింది. 131 మంది ఔనన్నారు, 114 మంది కాదన్నారు. పదిహేడు ఓట్ల తేడాతో వారసుల సభ తన చేతులను తానే కట్టివేసుకున్నది.

ఆ సభలో మనవారి అడుగులు

ఆ సభలో కూర్చున్న మొదటి ముస్లిం ఎవరని మన పిల్లలను అడిగితే బహుశా చెప్పలేరు. ఆయన మూడవ లార్డ్ స్టాన్లీ ఆఫ్ ఆల్డర్లీ. పుట్టింది ఇంగ్లీషు కుటుంబంలోనే. తూర్పు దేశాలలో తిరిగి, అక్కడి భాషలు నేర్చి, ఇస్లాం స్వీకరించినారు. 1869లో తండ్రి చనిపోగా పీట ఆయనకు వచ్చింది. 1903లో చనిపోయేదాకా ఆయనదే. ఎన్నికే జరిగివుంటే ఆ కాలపు ఇంగ్లాండులో ఒక ముస్లింను ఏ ఊరు పంపించేదో ఊహించుకోవచ్చు. వారసత్వం అప్పుడప్పుడు ఇట్లాంటి వింతలు కూడా చేస్తుంది. మేము ఒక పక్కే చెప్పరాదు కనుక ఈ మాట కూడా రాస్తున్నాము.

మొదటి భారతీయుడు బెంగాలుకు చెందిన సత్యేంద్ర ప్రసన్న సిన్హా. ఆయనకు 1919లో వారసత్వపు లార్డు పదవి ఇచ్చినారు. అదే ఏడు భారత ప్రభుత్వ చట్టాన్ని ప్రభువుల సభలో దగ్గరుండి నడిపించింది ఆయనే. 1928లో ఆయన చనిపోయినారు. కొడుకు ఆ పీటలో కూర్చోవడానికి 1939 దాకా పట్టింది. బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే హిందూ ధర్మం ప్రకారం తల్లిదండ్రులకు జరిగిన పెళ్ళి ఇంగ్లీషు చట్టం ముందు చెల్లుతుందా అని విచారణ పెట్టినారు. చివరకు చెల్లుతుందన్నారు. గమనించవలసిందేమంటే, బిరుదు కొడుక్కు వచ్చింది గానీ తండ్రి 1919లో చేసిన పని కొడుకు ఖాతాలోకి రాలేదు. పీట వారసత్వంగా వస్తుంది, రికార్డు రాదు. ఎవరిది వాళ్ళే సంపాదించుకోవాలి.

మన సీమకు వస్తే

మన సీమకు వారసత్వపు అధికారం కొత్త కాదు. 1800లో నిజాం కంపెనీవారికి వదిలిపెట్టిన దత్తమండలాలలో మన అనంతపురం సీమ ఉంది. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చేసరికి ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్ళు కోటలు కట్టుకుని కూర్చున్నారు. ఆయన వాళ్ళ బలగాలను తీసివేసి, కొందరికి పింఛన్లిచ్చి, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకునే రైత్వారీ పద్ధతిని పాదుకొల్పినాడు. అధికారం పోయినా పింఛను మిగిలింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నూటయాభై ఏళ్ళ తరువాత దేశమంతటా జరిగింది కూడా ఇదే.

1935 చట్టం ఒక అఖిల భారత సమాఖ్యను తలపెట్టింది. దాని ఎగువ సభలో 260 స్థానాలు. అందులో 104 సంస్థానాలకు. వాటిని నింపేది ప్రజలు కాదు, ఆయా రాజులు, నవాబులు. హైదరాబాదు నిజాంకు 5 స్థానాలు. అయితే సంస్థానాధీశులు కలిసిరాక ఆ సమాఖ్య ఏర్పడనేలేదు. స్వాతంత్ర్యం తరువాత మన రాజ్యాంగం రాజ్యసభలో వారసత్వానికి ఒక్క పీట కూడా వేయలేదు. శాసనసభ్యులు ఎన్నుకున్నవారు, రాష్ట్రపతి నియమించే 12 మంది, అంతే.

పీట పోయింది గానీ భరణం మిగిలింది. సంస్థానాలను విలీనం చేసినప్పుడు రాజులకు, వాళ్ళ వారసులకు ఏటేటా రాజభరణం ఇస్తామని మాట ఇచ్చి, దాన్ని రాజ్యాంగంలోనే రాసినారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన మన బనగానపల్లె నవాబు వంశానికీ భరణం ఉండేది. 1967లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చనిపోయినాక, మనుమడు ముకర్రం జాకు ఏటా 20 లక్షల రూపాయలు. ఎక్కడో కటోడియా అనే చిన్న సంస్థానాధిపతికి ఏడాదికి 192 రూపాయలు. 1970 నాటికి దేశం మొత్తం మీద 278 మందికి దాదాపు 4 కోట్ల 80 లక్షలు పోతుండేది.

ఒక్క ఓటు

ఈ భరణాలను రద్దు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు 1970 సెప్టెంబరు 2న లోక్‌సభలో గెలిచింది. మూడు రోజుల తరువాత, సెప్టెంబరు 5న, రాజ్యసభకు వచ్చింది. రాజ్యాంగ సవరణకు ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది ఔననాలి. 149 మంది ఔనన్నారు. 75 మంది కాదన్నారు. మొత్తం 224. మూడింట రెండు వంతులు లెక్క కడితే 149కి మీద ఇంకొక మూడో వంతు. మనిషిని మూడు ముక్కలు చేయలేము కనుక 150 కావాలి. ఒక్క ఓటు తక్కువై బిల్లు పడిపోయింది.

ఆ 75 మందీ రాజుల కొలువులో పెరిగినవాళ్ళేమీ కాదు. సర్దార్ పటేల్ ఇచ్చిన మాటను దేశం తప్పవచ్చునా అన్నది వాళ్ళ వాదన. అది తేలికగా కొట్టివేయదగిన వాదన కాదు. కరువులో జనం గంజికి అల్లాడే దేశంలో పుట్టుకను బట్టి భరణమేమిటన్నది ఇవతలి వాదన. అదీ బలమైనదే. రాజవంశంలో పుట్టినంత మాత్రాన మనిషి ఎటువైపు ఉండాలో ముందే రాసిపెట్టి ఉండదు. కాశ్మీరు మహారాజు కొడుకు కరణ్ సింగ్ ఆ బిల్లు తెచ్చిన మంత్రివర్గంలోనే ఉన్నారు. తన భరణాన్ని తానే వదులుకున్నారు కూడా.

మరునాడే ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తరువుతో రాజుల గుర్తింపును తీసివేసింది. ఆ రాష్ట్రపతి వి.వి.గిరి. ఈయనే 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించినవారు. ఉత్తరువు సుప్రీంకోర్టుకు పోయింది. పదకొండు మంది న్యాయమూర్తులు విన్నారు. ప్రధాన న్యాయమూర్తి ఎం.హిదాయతుల్లా, ఆ పదవిని అందుకున్న మొదటి ముస్లిం. ఆయన పదవీ విరమణకు ముందు రోజు, డిసెంబరు 15న, ఆ ఉత్తరువు చెల్లదని మెజారిటీ తీర్పు వచ్చింది. సభలో ఓడినదాన్ని దొడ్డిదారిన చేయరాదన్నమాట. అదే హిదాయతుల్లాగారు 1979లో ఉపరాష్ట్రపతి అయి రాజ్యసభకే అధ్యక్షత వహించినారు.

ఆ తరువాత జనం దగ్గరకే పోయినారు. 1971 ఎన్నికలలో ఇందిరాగాంధీ పార్టీ 352 స్థానాలు గెలిచింది. ఆ ఏడు చివర 26వ రాజ్యాంగ సవరణ రెండు సభలలోనూ నెగ్గి భరణాలు రద్దయినాయి. ఒక్క ఓటు వల్ల ఆగిన పని పదిహేను నెలలకు, సరైన దారిలో, జరిగింది.

మూజువాణి, డివిజన్

సభలో మామూలుగా బిల్లులు మూజువాణి ఓటుతో పోతుంటాయి. ఔనన్నవారు ఔనంటారు, కాదన్నవారు కాదంటారు, ఏ గొంతు పెద్దదో అధ్యక్షుడు చెబుతాడు. పేర్లుండవు. ఎవరైనా డివిజన్ అడిగితేనే పేరు పేరునా లెక్క పడుతుంది. రాజ్యాంగ సవరణకు డివిజన్ తప్పదు కనుకనే 1970 నాటి ఆ 149 పేర్లు, ఆ 75 పేర్లు నిలిచి ఉన్నాయి. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల చట్టం తరువాత విప్ దాటి ఓటు వేస్తే సభ్యత్వానికే ముప్పు. కనుక ఈనాటి ఓటులో మనిషి ఎంత, పార్టీ ఎంత అని కూడా చదివేవాళ్ళు చూసుకోవాలి.

ఇంగ్లాండులో 1999 చట్టంతో ఆరు వందల మందికి పైగా వారసులు సభ దిగిపోయినారు. 92 మందిని ఉంచినారు. ఆ మిగిలిన పీటలను కూడా తీయడానికి 2024లో బిల్లు పెట్టినారు. మన రాష్ట్రంలో శాసన మండలి 1985లో రద్దయి 2007లో తిరిగి వచ్చింది. 2020లో మళ్ళీ రద్దు చేయాలని శాసనసభ తీర్మానించి, 2021లో ఆ తీర్మానాన్ని వెనక్కు తీసుకున్నది. ఎగువ సభ ఉండాలా వద్దా అన్న తగవు ఎక్కడైనా ఉన్నదే. ఉన్నంతకాలం అందులో కూర్చున్నవాళ్ళు ఏం చేసినారో చూడడం మాత్రం మన పని.

మన జమాత్‌లో

ఢిల్లీ, లండను మాటలు మనకెందుకని కొందరు అనవచ్చు. మన మధ్యనే వారసత్వపు పీటలున్నాయి. ఎన్నో ఊళ్ళలో దర్గా ముతవల్లీ పదవి తండ్రి నుంచి కొడుక్కు వస్తున్నది. కమిటీలలో కూడా ఫలానావారి అబ్బాయి అన్న మాటకే బరువు. అట్లా వచ్చినవారిలో నిజాయితీగా నడిపినవారు ఎందరో ఉన్నారు, వాళ్ళకు మన సలాములు. కానీ మంచిగా నడిపినారని రేపటి పిల్లలకు తెలిసేదెట్లా? మినిట్సు బుక్కులో "అందరూ ఏకగ్రీవంగా ఆమోదించినారు" అని ఒక్క ముక్క రాసి మూసేస్తే మంచివాడికీ అన్యాయమే. ఒకాయన లేచి "ఈ ఖర్చు వద్దు, ఆ డబ్బు బీద పిల్లల ఫీజుకు ఇవ్వండి" అని ఉంటే, ఆ మాట ఎక్కడుంది? అది మూజువాణిలో కలిసిపోయింది.

కనుక మా మనవి ఒక్కటే. జకాత్ పంపిణీ అయినా, షాదీఖానా బాడుగ అయినా, పిల్లల స్కాలర్‌షిప్ అయినా, అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో రాసి పెట్టండి. కాదన్నవాడి కారణాన్ని కూడా ఒక వాక్యంలో రాయండి. ఇది తగాదా పెట్టడానికి కాదు. ఓటు ఒక అమానత్. అమానత్‌కు లెక్క ఉండాలి. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను ఓటు లెక్క అడగాలంటే ముందు మన బుక్కు మనం సరిగ్గా రాసుకుని ఉండాలి కదా. వచ్చే సర్వసభ్య సమావేశం నుంచే ఈ అలవాటు మొదలుపెడితే మన తరువాతివాళ్ళు ఆ బుక్కు తెరిచి, మనం ఎవరి కొడుకులమో కాక, మనం ఏం చేసినామో చదువుకుంటారు.