కిటికీ అద్దాన్ని పట్టి ఉంచిన ముద్ద



మీరు కూర్చున్న గదిలో అద్దాల కిటికీ ఉంటే ఒక్కసారి దాని దగ్గరికి వెళ్ళి చూడండి. అద్దాన్ని కాదు, అద్దం అంచును. ఇల్లు కాస్త పాతదైతే, చెక్క రెక్కకూ అద్దానికీ మధ్య ఏటవాలుగా పెట్టిన గట్టి ముద్ద ఒకటి కనిపిస్తుంది. రంగు కింద దాగి ఉంటుంది కాబట్టి చాలామంది అదీ చెక్కే అనుకుంటారు. దాన్నే పుట్టీ అంటాం. రంగులు వేసే పనివాళ్ళు లప్పం అంటారు. ఆ ముద్ద రాలిపోయిన రోజు గాలికి అద్దం గిలగిల కొట్టుకుంటుంది, వాన నీరు లోపలికి దిగుతుంది, చెక్క చివుకుతుంది. ఇంత పని చేసే ఈ ముద్దకు ఒక చరిత్ర ఉంది. అందులో మన నేలకూ కొంత భాగం ఉంది.

ముందుగా ఒక సంగతి. మన పాత ఇళ్ళ కిటికీకి అద్దంతో అవసరమే లేదు. గవాక్షం అంటే ఆవు కన్ను. ఇంగ్లీషువాళ్ళ విండో అన్న మాట కూడా ఉత్తర ఐరోపా భాషలో 'గాలి కన్ను' అనే మాట నుంచే పుట్టింది. పేర్లు పెట్టడంలో ఇద్దరం కంటినే తలచుకున్నాం కానీ, ఆ తరువాత దారులు వేరైపోయాయి. బళ్ళారిలోనో నాందేడులోనో వేసవి గడిపినవారికి గాలి రావడం ముఖ్యం. ఎండ రాకపోతే మరీ మంచిది. అందుకే మనకు ఇనుప ఊచలు, చెక్క తలుపులు, రాతి జాలీలు సరిపోయాయి. చలిదేశంలో అలా కుదరదు. అక్కడ వెలుగు కావాలి, గాలి మాత్రం రాకూడదు. ఈ రెండు కోరికల మధ్య నుంచి పుట్టిందే అద్దాల కిటికీ.

అయితే వెలుగును రానిచ్చి వానను ఆపడానికి అద్దమే ఉండాలని లేదు. గోవాలో పాత పోర్చుగీసు ఇళ్ళు చూసినవారికి తెలుస్తుంది, అక్కడి కిటికీలకు ముత్యపు చిప్పలా మెరిసే పలుచని ఆల్చిప్పలు ఉంటాయి. చెక్క కమ్మీలకు గాడి తీసి, ఒక్కొక్క చిప్పను అందులోకి జారవిడుస్తారు. జిగురూ లేదు, ముద్దా లేదు. గాడే పట్టి ఉంచుతుంది. ఆ చిప్పకు ఇంగ్లీషులో పేరే కిటికీ అద్దపు ఆల్చిప్ప. యానాం శ్రోతలకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆ జాతి ఆల్చిప్పలు మీ పక్కనున్న కాకినాడ అఖాతంలోనూ ఉన్నాయి. మనవాళ్ళు వాటిని కిటికీలకు పెట్టుకోలేదు, కాల్చి గుల్ల సున్నం చేసుకున్నారు! అవసరాన్ని బట్టే వస్తువు విలువ మరి.

ఇక అద్దం విషయం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమనులు కిటికీకి అద్దం పెట్టడం మొదలుపెట్టారు. వెలుగును రానిచ్చే కిటికీ పలకలు తమ కళ్ళముందే వచ్చాయని ఆ కాలపు తత్వవేత్త సెనెకా రాశాడు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద మునిగిపోయిన పాంపే నగరంలో, స్నానశాలల్లో కంచు చట్రాల్లో బిగించిన అద్దాలు తవ్వకాల్లో బయటపడ్డాయి.

ఆ తరువాత ఐరోపా చర్చిల్లో వచ్చింది సీసపు కమ్మీల పద్ధతి. సీసం మెత్తని లోహం. రెండు పక్కలా గాడి ఉండేలా దాన్ని సన్నని కమ్మీలుగా పోత పోసి, రంగు రంగుల అద్దపు ముక్కలను ఆ గాడుల్లో దూర్చి, కలిసే చోట అతుకు వేస్తారు. సీసాన్ని వేళ్ళతో వంచవచ్చు కాబట్టి ఏ ఆకారపు ముక్కకైనా అది చుట్టుకుంటుంది. 1924 డిసెంబరులో ప్రారంభమైన మెదక్ చర్చికి వెళ్ళినవారు అక్కడి రంగుటద్దాల కిటికీల బొమ్మలనే చూసి వస్తారు. ఈసారి వెళితే ఆ బొమ్మల్లోని నల్లని గీతలను చూడండి. అవి చిత్రకారుడు గీసిన గీతలే అనిపిస్తాయి. ఆ బొమ్మను నిలబెట్టే లోహం కూడా అదే. కానీ సీసానికీ అద్దానికీ మధ్య సన్నని సందు ఉంటుంది, అందులోంచి వాన దిగుతుంది. అందుకని సుద్ద, అవిసె నూనె, కాస్త మసి కలిపిన ముద్దను కుంచెతో ఆ సందుల్లోకి రుద్దేవారు.

పదిహేడవ శతాబ్దపు చివరిలో ఇంగ్లండులో పైకీ కిందికీ జరిగే చెక్క కిటికీలు వాడుకలోకి వచ్చాయి. సీసపు కమ్మీలు తగ్గి, చెక్క కమ్మీలు వచ్చాయి. చెక్కకు మెట్టులా గాడి చెక్కి, అందులో అద్దం ఆనించి, ముద్దతో మూసేవారు. ఆ ముద్ద పేరు పుట్టీ ఫ్రెంచి భాషలో కుండ అనే మాట నుంచి వచ్చింది. మొదట కుండెడు అని అర్థం.

ఆనాటి కిటికీల్లో అద్దాలు అంత చిన్నవిగా ఎందుకుండేవో తెలుసా? కరిగిన గాజు ముద్దను గొట్టంతో ఊది, కడ్డీ చివర గిరగిర తిప్పితే పెద్ద పళ్ళెంలా పరుచుకునేది. మధ్యలో కడ్డీ అంటుకున్న చోట బొడిపె మిగిలేది. దాన్ని వదిలేసి చుట్టూ కోసుకుంటే చిన్న చిన్న పలకలే దక్కేవి. ఆ పలకల మందం అంతటా ఒకటిగా ఉండదు. పనివాళ్ళు చాలాసార్లు మందపు వైపును కిందికి పెట్టేవారు. పాత అద్దం అడుగున మందంగా ఉండడం చూసి, గాజు శతాబ్దాలుగా మెల్లగా కిందికి కారిందని కొందరు చెబుతుంటారు, కొన్ని పాఠ్యపుస్తకాల్లో కూడా చదివాం. అది నిజం కాదు. మామూలు వేడిలో గాజు అలా కారదు.

పుట్టీ తయారీ చెప్పడానికి సులువు. మెత్తగా నూరిన సుద్ద, దాన్ని చపాతీ పిండిలా కలపడానికి సరిపడా అవిసె నూనె. అంతే. గొప్పతనమంతా ఆ నూనెలో ఉంది. నీళ్ళు ఆరినట్టు అవిసె నూనె ఆవిరైపోదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని, తనలో తాను గొలుసులు గొలుసులుగా అల్లుకుని గట్టిపడుతుంది. కొబ్బరి నూనెతో ముద్ద చేసి చూడండి, ఏళ్ళు గడిచినా అలాగే జిడ్డుగా ఉంటుంది. కన్నడ సీమలో అగసె, మహారాష్ట్రలో జవస్ అని పిలిచే ఆ గింజలను మీలో చాలామంది పొడి కొట్టుకుని రొట్టెలో నంజుకునే ఉంటారు. దక్కను నల్లరేగడి నేలల్లో పండిన ఆ గింజలే పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి, కలకత్తా రేవుల నుంచి ఓడలకెక్కి ఐరోపాకు వెళ్ళాయి. అక్కడ గానుగాడి రంగుల్లోనూ, పుట్టీలోనూ కలిపారు. లండనులో వాన ఆపిన ముద్దలో మన పొలాల నూనె కొంత ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంగ్లండులో అప్పట్లో కిటికీలకే పన్ను ఉండేది. 1696లో వేశారు, 1851లో తీసేశారు. కిటికీలు మూసుకుని చీకట్లో బతికినవారు ఎందరో. గాజు మీద వేరే సుంకం, అది 1845లో పోయింది. పోయిన ఆరేళ్ళకే, 1851లో, లండను హైడ్ పార్కులో స్ఫటిక భవనం లేచింది. రూపకర్త జోసెఫ్ పాక్స్టన్ వృత్తికి తోటల పర్యవేక్షకుడు. సుమారు 3 లక్షల అద్దాలు, ఒక్కొక్కటి 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. బర్మింగ్‌హామ్ దగ్గరి ఛాన్స్ సోదరుల కార్ఖానాలో గాజును పొడుగాటి గొట్టాలుగా ఊది, నిలువునా చీల్చి, కొలిమిలో చదును చేసి తయారు చేశారు. పైకప్పు మీది దోనెల వెంట నడిచే చక్రాల బండ్లలో కూర్చుని పనివాళ్ళు అద్దాలు బిగించారు. ఒక వారంలో 80 మంది 18,000కు పైగా అద్దాలు పెట్టిన లెక్క ఉంది. ఇంత చేసినా, వాన వస్తే భవనం కారేది. అన్ని లక్షల అడుగుల అతుకులో ఎక్కడో ఒకచోట చెక్క ముడుచుకుంటుంది, ముద్ద వదులవుతుంది. పాక్స్టన్ గొప్పదనం గురించి రాసేవాళ్ళు ఈ కారడం గురించి కూడా రాయాలని నాకనిపిస్తుంది.

ఆ భవనం పోలికతోనే మన బెంగుళూరు లాల్‌బాగ్ గాజు భవనం వచ్చింది. దానికి 1889 నవంబరు 30న ఆల్బర్ట్ విక్టర్ యువరాజు శంకుస్థాపన చేశాడు. పోత ఇనుము గ్లాస్గో నుంచి వచ్చింది. కోలారు, అనంతపురం వైపు నుంచి పూల ప్రదర్శనకు వెళ్ళేవాళ్ళు పూలు చూశాక తలెత్తి కమ్మీలు కూడా చూడండి. విచిత్రమేమంటే, లండను స్ఫటిక భవనాన్ని తరువాత సిడెన్‌హామ్‌కు మార్చారు, అక్కడ అది కాలిపోయింది కూడా నవంబరు 30వ తేదీనే, 1936లో.

ఇరవయ్యవ శతాబ్దంలో కిటికీకి ఉక్కు వచ్చింది, తరువాత అల్యూమినియం. ఇక్కడ పాత ముద్దకు కష్టకాలం మొదలైంది. వేడికి అన్నీ పెరుగుతాయి, కానీ ఒకే తీరుగా కాదు. 40 డిగ్రీల తేడా వస్తే ఒక మీటరు గాజు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. ఉక్కు సుమారు అర మిల్లీమీటరు, అల్యూమినియం దాదాపు ఒక మిల్లీమీటరు. గట్టిపడ్డ పుట్టీ ఈ లాగులాటకు ఓర్వలేక పగులుతుంది. అందుకే అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ సాంకేతిక కేంద్రానికి, కారు ముందు అద్దాన్ని బిగించే పద్ధతి చూసి, కృత్రిమ రబ్బరు పట్టీలతో కిటికీలు బిగించారు. 1956 నాటికి ఆ కట్టడం పూర్తయింది. తరువాత సిలికాన్ వచ్చింది. ఈనాడు పనివాడు తుపాకీ లాంటి సాధనంలోంచి పిండేది అదే.

అతుకు కదలకపోతే ఏమవుతుందో బోస్టన్ నగరం చూసింది. 60 అంతస్తుల జాన్ హాన్‌కాక్ టవర్ ఇంకా పూర్తికాకుండానే, 1973 జనవరి గాలివానలో దాని అద్దాలు రాలి పడ్డాయి. ఒక్కో అద్దం బరువు సుమారు 225 కిలోలు. పడిన చోటల్లా చెక్క పలకలు కొట్టారు, జనం దాన్ని చెక్క మేడ అని వెక్కిరించారు. పరీక్షిస్తే తేలింది ఇదీ: రెండు పొరల అద్దాన్ని కలిపే సీసపు అతుకు మరీ బిగుసుగా ఉంది. గాలికి అద్దం ఊగినప్పుడల్లా ఆ ఒత్తిడి అతుకు నుంచి నేరుగా గాజులోకి దిగి, అంచున చిన్న పగులు మొదలైంది. మొత్తం 10,344 అద్దాలనూ మార్చవలసి వచ్చింది.

అంత దూరం పోనక్కరలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. అంతకుముందు 1996 నవంబరు 6న వచ్చిన కోనసీమ తుపానును యానాంవారు మరచిపోరు. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీస్తే రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న అద్దం మీద 50 కిలోల పైచిలుకు బరువు పడుతుంది. అంటే ఒక సిమెంటు బస్తా. గాలికి ఎదురుగా ఉన్న కిటికీని అది లోపలికి తోస్తుంది. ఇంటికి అవతలి వైపున్న కిటికీని మాత్రం బయటికి పీల్చుతుంది. ఎదురు అద్దం పగిలితే గాలి లోపల చేరి కప్పును కింది నుంచి ఎత్తుతుంది. రేకుల కప్పులు లేచిపోవడానికి ఇదొక కారణం.

అందుకే బరంపురంలోనో, ఇచ్ఛాపురంలోనో ఉన్నవారు వానాకాలానికి ముందే ఈ అంచులు చూసుకోవాలి. పుట్టీ పని నీటిని ఆపడం. అద్దాన్ని పట్టి ఉంచేది దాని కింద దాగిన, తల లేని సన్న మేకులు. చెక్కలో అద్దానికి ఆనించి వాటిని దిగ్గొట్టి, వాటి మీద పుట్టీ పెడతారు. తొందరపడే పనివాడు మేకులు మానేసి ముద్ద ఒక్కటే పూస్తాడు, చూడ్డానికి తేడా తెలియదు. పక్కన నిలబడి చూసుకోండి. పాత ముద్ద తీశాక గాడికి ముందుగా నూనె గానీ పల్చని రంగు గానీ పట్టించాలి. లేకపోతే ఎండిన చెక్క పుట్టీలోని నూనెను పీల్చేస్తుంది, ముద్ద పిండిలా రాలిపోతుంది. అద్దాన్ని నాలుగు వైపులా మిల్లీమీటరున్నర చొప్పున తక్కువగా కోయించాలి. గాడిలో పలచగా ముద్ద పరిచి అద్దాన్ని దానిలోకి ఒత్తాలి, ఆ తరువాత మేకులు, ఆపైన ఏటవాలు ముద్ద. ఒకటి రెండు వారాలకు పైపొర కట్టాక రంగు వేయాలి. ఆ రంగు ముద్ద దాటి అద్దం మీదికి ఒక సన్నని గీతలా ఎక్కాలి. నీటిని ఆపేది ఆ గీతే. దాన్ని బ్లేడుతో గీకి శుభ్రం చేస్తే పని మొత్తం పాడైనట్టే.

ఇంకొక్క మాట. పని అయ్యాక అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడెయ్యకండి. ముద్దను గట్టిపరిచే ఆ చర్యే గుడ్డలోనూ జరుగుతుంది, వేడి బయటికి పోయే దారి లేక దానంతట అదే అంటుకుంటుంది. విప్పి, నీళ్ళలో తడిపి, ఆరుబయట దండెం మీద పరిచి ఆరవేయండి.