అమరావతి ఐకానిక్ టవర్లు: పత్తి చేలల్లో 50 అంతస్తులు.. నీట మునిగిన పునాది.. అసలు కథ ఇదీ!

పత్తి, మిర్చి పండిన నేలపై 50 అంతస్తుల సచివాలయం. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో తలపెట్టిన అమరావతి ఐకానిక్ టవర్ల ప్లాన్ ఇది. 2018లో పునాది పడింది. ఆ తర్వాత ఐదేళ్లకు పైగా పనులు ఆగిపోయి, ఆ పునాది నీట మునిగింది. ఇంతకీ ఈ టవర్ల కథేంటి? భూములిచ్చిన రైతులకు వీటితో సంబంధమేంటి? ఓసారి చూద్దాం.

భూమి ఎలా వచ్చింది?

2015లో ల్యాండ్ పూలింగ్ కింద 29 గ్రామాల రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. బదులుగా మెట్ట ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్ స్థలం ఇస్తామన్నారు. జరీబు ఎకరాకైతే కమర్షియల్ స్థలం 450 గజాలు. దీంతో పాటు పదేళ్ల కౌలు. మెట్టకు ఏటా రూ.30 వేలు, జరీబుకు రూ.50 వేలతో మొదలై ఏటా మెట్టకు రూ.3 వేలు, జరీబుకు రూ.5 వేల చొప్పున పెంపు. అదే ఏడాది అక్టోబర్ 22న ప్రధాని మోదీ ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన చేశారు.

డిజైన్ ఏంటి?

లండన్‌కు చెందిన ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్ సంస్థ ఐదు టవర్లు డిజైన్ చేసింది. ముఖ్యమంత్రి ఆఫీసు ఉండే జీఏడీ టవర్ 50 అంతస్తులు. శాఖాధిపతుల కోసం మరో నాలుగు టవర్లు, ఒక్కోటి 40 అంతస్తులు. వీటిది డయాగ్రిడ్ పద్ధతి. అంటే బయటివైపు స్టీలు ఏటవాలుగా వలలా అల్లుకుని ఉంటుంది. బరువులో ఎక్కువ భాగం ఆ వలే మోస్తుంది కాబట్టి లోపల స్తంభాలు తక్కువ పడతాయి.

ఇక పునాది విషయానికొస్తే.. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందుకే లోతుగా తవ్వి, భవనం అడుగంతా పరుచుకునేలా ఒకే మందపాటి కాంక్రీటు దిమ్మె వేశారు. దీన్నే రాఫ్ట్ ఫౌండేషన్ అంటారు. 2018 డిసెంబర్‌లో సీఎం చంద్రబాబు ఈ పనులు ప్రారంభించారు.

ఎందుకు ఆగింది?

2019లో ప్రభుత్వం మారింది. డిసెంబర్ 17న సీఎం జగన్ అసెంబ్లీలో మూడు రాజధానుల ఆలోచన బయటపెట్టారు. రైతులు ఆందోళనకు దిగారు. 2021 నవంబర్‌లో ప్రభుత్వం ఆ చట్టాలను వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న అమరావతినే అభివృద్ధి చేయాలని హైకోర్టు చెప్పింది. గడువులపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోగా తవ్విన గుంతలు చెరువులయ్యాయి.

మళ్లీ కదలిక

2024 జూన్‌లో చంద్రబాబు తిరిగి సీఎం అయ్యారు. ఆగస్టులో ఐఐటీ మద్రాస్ నిపుణులు వచ్చి నీళ్లలో ఉన్న పునాదులను పరిశీలించారు. తర్వాత మోటార్లతో నీళ్లు తోడారు. 2025 మే 2న మోదీ రాజధాని పనులను మళ్లీ ప్రారంభించారు. జీఏడీ టవర్ ఎన్‌సీసీకి, మిగతా నాలుగు షాపూర్‌జీ పల్లోంజీ, ఎల్ అండ్ టీలకు చెరో రెండు చొప్పున దక్కాయి.

రైతుకేంటి?

చేను ఇచ్చేసిన రైతు చేతిలో మిగిలింది ప్లాటే. పక్కన ఆఫీసులు వస్తేనే ఆ ప్లాటుకు ధర, దాని మీద అప్పు పుట్టడం, పిల్లల చదువు, పెళ్లి. టవర్ ఆగితే పంటా లేదు, ప్లాటుకు విలువా లేదు. పనులు ఆగిన ఏళ్లలో రైతులు చూసింది అదే. అందుకే ఇక్కడ ఒక్కో అంతస్తు లేవడం వాళ్లకు సచివాలయం లెక్క కాదు.. ఇంటి లెక్క.