హార్నెస్: ఉత్తరాంధ్ర జీపుల్లో రక్షణ పట్టీల చరిత్ర

వాహనంలో కూర్చున్న మనిషిని భుజాల మీదుగా, నడుము చుట్టూ, కొన్నింటిలో తొడల మధ్య నుంచి కూడా పట్టీలతో సీటుకు బిగించి ఉంచే రక్షణ సాధనం హార్నెస్. మామూలు కారు బెల్టును మూడు చోట్ల బిగిస్తే, హార్నెస్‌ను నాలుగు, ఐదు లేదా ఆరు చోట్ల బిగిస్తారు. రోల్ కేజ్ అనే ఇనుప గొట్టాల చట్రం వేసి, టైర్లు, సస్పెన్షన్ మార్చి, రాళ్లూ రప్పలూ ఉన్న దారులకు సిద్ధం చేసిన జీపుల్లో దీన్ని అమరుస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్ 4న వాటిలోని ఏజెన్సీ (గిరిజన ప్రాంత) మండలాలతో సహా కొన్ని మండలాలతో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ జీపు సరదా బండి కాదు, అవసరానికి వచ్చిన బండి. అందుకే ఇక్కడ హార్నెస్ చరిత్రను డ్రైవరు సీటు దగ్గర ఆపకుండా, వెనక బల్లల మీద కూర్చున్నవారి దాకా చెప్పుకోవాలి.

తొలి రూపాలు

రక్షణ పట్టీ కార్ల కంటే ముందు విమానాల్లో అక్కరకొచ్చింది. 1910లో అమెరికా సైనికాధికారి బెంజమిన్ ఫులోయ్ కుదుపులకు సీట్లోంచి ఎగిరి పడిపోకుండా గుర్రపు జీను పట్టీతో తనను తాను కట్టుకున్నాడు. 1954 డిసెంబరు 10న డాక్టర్ జాన్ స్టాప్ రాకెట్ బండి మీద గంటకు సుమారు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, 1.4 సెకన్లలో ఆగాడు. సరిగ్గా బిగించిన పట్టీలుంటే మనిషి శరీరం ఎంత పెద్ద కుదుపును తట్టుకోగలదో ఆ ప్రయోగం చూపించింది. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల బిగించే బెల్టును రూపొందించాడు. ఆ పేటెంటును మిగతా కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో అనుమతించింది. అంతకుముందు బోలిన్ సాబ్ సంస్థలో యుద్ధ విమానాల సీట్ల మీద పనిచేశాడు.

జీపు మాత్రం బెల్టు లేకుండానే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు తలుపులు లేవు. ఎక్కే చోట అడ్డంగా కొక్కేనికి తగిలించే ఒక గుడ్డ పట్టీ మాత్రం ఉండేది. మలుపులో మనిషి పక్కకు జారిపోకుండా చూడటమే దాని పని. బండి ఎదురుగా దేన్నయినా గుద్దుకుంటే అది ఎందుకూ పనికిరాదు.

కొండదారుల్లో జీపు

1940ల చివర్లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది. ప్రభుత్వ శాఖల్లో, ఆ తర్వాత జనం రాకపోకల్లో ఆ బండి స్థిరపడింది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపు బస్సు వెళ్లని ఊళ్ల నుంచి సంతకూ ఆసుపత్రికీ వచ్చేవారికి మహీంద్రా కమాండర్ లాంటి జీపులే దిక్కయ్యాయి. వెనక భాగంలో ఎదురెదురుగా రెండు బల్లలు, వాటి మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చునే జనం, టాపు మీద మూటలు, వెనక మెట్టు మీద వేలాడే కుర్రాళ్లు, ఇదీ ఆ ప్రయాణం.

లారీల రవాణాకు పేరున్న సాలూరు ఈ ప్రాంతపు మెకానిక్‌లకూ బాడీ బిల్డింగ్ పనివారికీ ఆటపట్టు. ఆ ఊరి మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారి పాచిపెంట మండలంలోని ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశాలోని సుంకి వైపు సాగుతుంది. అలాంటి దారుల్లో బండి పల్టీ కొడితే మొదట బయటికి ఎగిరిపడేది బల్ల మీద పట్టు లేకుండా కూర్చున్న మనిషే.

చట్టం నడిచిన తీరు

1993లో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించడంతో, 1994 నుంచి కొత్త కార్లకు ముందు సీట్లలో బెల్టులు తప్పనిసరి అయ్యాయి. 2002 నుంచి ముందువైపు చూసే వెనక సీట్లకూ ఆ నియమం వర్తించింది. పక్కకు తిరిగిన బల్లల మీద కూర్చునేవారు ఈ నిబంధన పరిధిలోకి రాలేదు. జీపుల్లో ఎక్కువమంది కూర్చునేది ఆ బల్లల మీదే.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణలోని 194బి సెక్షన్ ప్రకారం, బెల్టు పెట్టుకోకుండా నడిపినా, బెల్టు పెట్టుకోని ప్రయాణికులను ఎక్కించుకున్నా రూ.1,000 జరిమానా. నటుడు, మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో కారు ప్రమాదంలో మరణించినప్పుడు, ఆయన బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణంతో వెనక సీటు బెల్టు దేశమంతటా చర్చకు వచ్చింది.

బండిని మార్చుకోవడం మీద కూడా ఆంక్షలున్నాయి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. కాబట్టి రోడ్డు మీద తిరిగే జీపులో హార్నెస్ కోసం కంపెనీ బెల్టును పీకేయకూడదు.

పోటీల నుంచి వచ్చిన పద్ధతి

హార్నెస్ అమరిక పద్ధతులన్నీ మోటారు పోటీల్లో పదునెక్కాయి. తల ముందుకు విసురుగా ఊగకుండా ఆపే హాన్స్ పరికరాన్ని ఫార్ములా వన్‌లో 2003 నుంచి తప్పనిసరి చేశారు. మన దేశంలో 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఒంటి సీటు బండిని తామే కట్టుకుని తెస్తారు. రోల్ కేజ్, హార్నెస్ తనిఖీలో నెగ్గితేనే ఆ బండి ట్రాక్ ఎక్కుతుంది.

అమరిక

హార్నెస్ బలం దాన్ని బిగించిన చోటు బలాన్ని బట్టే ఉంటుంది. పల్చటి రేకుకు రంధ్రం చేసి మామూలు వాషరు వేసి బిగిస్తే, ప్రమాదంలో బోల్టు రేకును చించుకుని బయటికొస్తుంది. బాడీకి బిగించేటప్పుడు కనీసం 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలకను అడుగున వేయాలని అంతర్జాతీయ మోటారు క్రీడా సమాఖ్య ఎఫ్ఐఏ నియమం. భుజాల పట్టీలు సీటు వెనక నుంచి దాదాపు అడ్డంగా వెళ్లాలి. అవి 10 డిగ్రీలకు మించి కిందికి వాలకపోవడం మంచిది, 45 డిగ్రీలు దాటనే కూడదు. ఆ పట్టీలను సీటు వెనక నేలకు బిగిస్తే, ఢీకొన్నప్పుడు అవి భుజాలను కిందికి అణిచి వెన్నెముకను దెబ్బతీస్తాయి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముక మీద కూర్చోవాలి. తొడల మధ్య పట్టీ లేకపోతే మనిషి నడుము పట్టీ కిందినుంచి ముందుకు జారిపోతాడు.

జీపు బాడీ చాసిస్ మీద రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది. ప్రమాదంలో ఈ రెండూ వేర్వేరుగా కదులుతాయి. అందుకే సీటు ఒకదానికి, పట్టీ మరొకదానికి బిగించకూడదు. రోల్ కేజ్ లేని బండిలో హార్నెస్ వేయడం ఇంకా ప్రమాదం. పల్టీలో టాపు కుంగితే మామూలు బెల్టు పెట్టుకున్న మనిషి పక్కకు ఒరగగలడు. హార్నెస్ బిగించుకున్నవాడు నిటారుగా ఇరుక్కుపోతాడు.

తీరం, ఎర్రమట్టి

కళింగపట్నం, బారువ తీరాల్లో ఉప్పుగాలికి బోల్టులూ పలకలూ తుప్పు పడతాయి. ఎండకు పట్టీ నేత గట్టిబడి, రంగు వెలిసి, బలం తగ్గుతుంది. ఏజెన్సీ ఎర్రమట్టి దుమ్ము బకిల్‌లో చేరితే, బకిల్ పడాల్సిన చోట పడదు, ఊడాల్సినప్పుడు ఊడదు. అంచు చిరిగిన పట్టీని కుట్టించి మళ్లీ వాడకూడదు. ఒక్కసారి ప్రమాదాన్ని తట్టుకున్న హార్నెస్ పైకి బాగున్నట్టు కనిపించినా మార్చేయాలి.

ప్రస్తుత స్థితి

2010లో వచ్చిన మహీంద్రా థార్‌లో వెనక సీట్లు పక్కకు తిరిగే ఉండేవి. 2020లో వచ్చిన కొత్త థార్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలు సాధించింది. అంటే కంపెనీ నుంచి వచ్చే బండి ఇప్పుడు చాలా మెరుగైంది. కానీ పాత జీపులో ముందు సీటుకు ఖరీదైన హార్నెస్ తగిలించి, వెనక బల్లలను అలాగే ఉంచితే రక్షణ సగంలోనే ఆగినట్టు. ఆ బల్లలు తీసి ముందువైపు చూసే సీట్లు వేయాలంటే కూడా రవాణా శాఖ అనుమతి, జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని పిలిచే తనిఖీ అధికారి పరిశీలన అవసరం. సంతకు వెళ్లే అవ్వకూ, పురిటికి వెళ్లే ఆడబిడ్డకూ బెల్టున్న సీటు దొరికే ఏర్పాటు ఇంకా రావలసి ఉంది. ఈ చరిత్రలో మిగిలిన పని అదే.