సుబ్బిశెట్టి ఇంటికొచ్చిన దారి

గ్రామఫోను రికార్డు ఒక వైపు మోగేది మూడు నిమిషాల పైచిలుకు. పది అంగుళాల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు. అయిపోగానే సూది పైకి తీసి, ప్లేటు తిరగేసి, కీ ఇచ్చి మళ్లీ పెట్టాలి. తెలుగు నాటకంలో ఏది గడప దాటి ఇంట్లోకి రావాలో, ఏది ఊరి బయట పందిరి కిందే ఉండిపోవాలో చాలాకాలం ఆ మూడు నిమిషాలే తేల్చాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం వాళ్లు రాత్రంతా మేలుకొని చూసిన ‘చింతామణి’ని మించిన నాటకం లేదు.

కాళ్లకూరి నారాయణరావు (1871–1927) నవ్వించడానికని కలం పట్టిన మనిషి కాడు. కట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’, వేశ్యావ్యామోహం మీద ‘చింతామణి’ రాసిన సంస్కర్త. కృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుడు పూర్వాశ్రమంలో బిల్వమంగళుడనే విలాసపురుషుడన్న కథను తీసుకుని, దాన్ని తన కాలపు ఇళ్లలోకి దించాడు. బిల్వమంగళుడితో పాటు భవానీశంకరం, సుబ్బిశెట్టి కూడా వేశ్య చింతామణి గుమ్మంలోనే ఆస్తులు పోగొట్టుకుంటారు. వచ్చినవాడి దగ్గర ఎంత ఉందో ఆమె తల్లి శ్రీహరి లెక్క చూసుకుంటుంది. చివరికి చింతామణికే వైరాగ్యం కలుగుతుంది. పుస్తకం తెరిచి చదివితే బాధే ఎక్కువ కనిపిస్తుంది. సుబ్బిశెట్టి అందులో ఒక పాత్ర, అంతే.

ఆ చింతామణికి ప్రాణం పోసినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సినవాడు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా తొలిసారి రంగం ఎక్కాడు. ఆ తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరాడు. సత్యభామ, మధురవాణి, దేవదేవి, చింతామణి – నాలుగు దశాబ్దాల పాటు తెలుగు రంగస్థలం మీద ఆడవేషానికి ఆయనే ఒరవడి. 1956లో పద్మశ్రీ వచ్చింది. మధురవాణి, చింతామణి ఇద్దరూ వేశ్యలే. ఆ రెండు పాత్రల్లోనూ వెకిలితనం లేకుండా, వాళ్ల తెలివినీ తీరునూ ముందుకు తెచ్చి చూపడం స్థానం గొప్పతనం. మగవాడు ఆడదానిగా నటిస్తే ప్రేక్షకుడు నవ్వుతాడు. స్థానం నటిస్తే నవ్వడం మరిచిపోయేవాడని చూసినవాళ్లు రాశారు. తెనాలికి ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు నిలవడంలో ఇలాంటి నటుల వాటా చిన్నది కాదని నా నమ్మకం.

స్థానం గొంతు రికార్డుల మీదికి ఎక్కింది. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాడే ‘మీరజాలగలడా’ వాటిలో అందరికీ తెలిసినది. 1966 నాటి సినిమాలోనూ ఆ పాట ఉండాల్సి వచ్చిందంటే దాని పట్టు ఎంతటిదో అర్థమవుతుంది. పౌరాణిక పద్యాలు, నాటకాల పాటలు మద్రాసు నుంచి వచ్చే హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ ప్లేట్ల మీద ఇళ్లకు చేరాయి. గ్రామఫోను ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. ఆ అరుగు మీద చేరేవాళ్లు మాత్రం ఎందరో.

ప్లేటు మీదికి ఎక్కినవి ఏవి? పద్యం ఎక్కింది. అదీ, రంగం మీద వన్స్‌మోర్‌లతో పావుగంట సాగే రాగాన్ని మూడు నిమిషాలకు కుదించుకుని మరీ ఎక్కింది. పాట ఎక్కింది. సంభాషణ ఎక్కడం కష్టమైంది. చింతామణి ఇంట్లో సుబ్బిశెట్టి, శ్రీహరి పడే వాదులాటకు ఊపిరి పోసేది ప్రేక్షకుల కేకే. జనం నవ్వితే నటుడు ఆగుతాడు, ఆ ఊరి సంగతి ఒకటి కలుపుతాడు, హార్మోనియం వాయించే ఆయనతో ఓ మాట అంటాడు, మళ్లీ కథలోకి వస్తాడు. మద్రాసులో స్టూడియో గదిలో ఒక గొట్టం ముందో మైకు ముందో నిలబడి, ఎదుట ఒక్క మనిషీ నవ్వకుండా ఉంటే ఆ మాట పుట్టదు. అందుకే ఇళ్లలో చేరినది ఎక్కువగా నాటకాల పద్యం, పాట. పెద్దవాళ్ల కోసం పుట్టిన హాస్యం చాలావరకు పందిట్లోనే మిగిలింది. దీనికి కారణం నీతి నియమం కాదు, యంత్రం పొడుగూ, స్టూడియోలో జనం లేకపోవడమూ.

పందిట్లో మాత్రం ఆ హాస్యం ఏటికేడు పెరిగింది. ఈ మూడూళ్ల చుట్టూ ఉన్నది కృష్ణా కాలువల కింద వరి పండే నేల. కుప్పలు నూర్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో తిరునాళ్లు, జాతరలు, వాటితో పాటు నాటకాలు. 1916లో వచ్చిన రేపల్లె రైలుమార్గం లంక పల్లెలకు తెనాలిని దగ్గర చేసింది. నాటక సమాజాలు తగ్గి కంట్రాక్టు నాటకాలు వచ్చాక, పేరున్న నటులను వేర్వేరు చోట్ల నుంచి పిలిపించి ఒక రాత్రికి ఒక్కచోట చేర్చడం మొదలైంది. ఒక్క నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు రావడం అప్పటి మాటే. రిహార్సల్ ఉండదు. పద్యం అందరికీ వచ్చు, మధ్యలో మాటలు ఎవరివి వాళ్లవి. నిద్ర ముంచుకొచ్చే వేళకు జనాన్ని లేపి కూర్చోబెట్టే బాధ్యత సుబ్బిశెట్టి మీద పడింది. కాళ్లకూరి రాసిన నాలుగు పుటలు గంటసేపు సాగాయి. మాటల్లో ద్వంద్వార్థాలు చేరాయి, కులం ప్రస్తావన చేరింది.

ఇది చింతామణితో పుట్టిన అలవాటు కాదు. దానికి ముందే తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉన్నారు. పారదర్శకంగా గీకి రంగులు వేసిన తోలు మీద, వెనక ఆముదం దీపాల వెలుగులో, రామాయణం నడుస్తుండగా మధ్యలో వాళ్లు దూరి ఇంటి గుట్టు, మంచం గుట్టు మాట్లాడతారు. రావణుడినైనా రాముడినైనా లెక్కచెయ్యరు. కదిలే బొమ్మలతో పెద్దల హాస్యం అనేది తెలుగువాళ్లకు టెలివిజన్ నేర్పలేదు. ఆంధ్ర తోలుబొమ్మలాటను పరిశోధించిన అమెరికన్ పండితుడు జొనథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ తన వ్యాసానికి ఆటను నడిపే విదూషకులన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. కథ దేవుళ్లదైనా పగ్గాలు వీళ్లవే. మూడు నిమిషాల ప్లేటు మీద వీళ్లకూ పెద్దగా చోటు దొరకలేదు. ఆ నష్టం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. ఎందరో ఆటగాళ్ల మాటలు వాళ్లతోనే పోయాయి.

యంత్రం పొడుగు మారింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టిన కేసెట్ మన పల్లెలకు 1980ల్లో చేరింది. వైపుకు ముప్పై నిమిషాలు, నలభై అయిదు నిమిషాలు. కాటిసీను మొత్తం పట్టింది, రాయబారం మొత్తం పట్టింది, సుబ్బిశెట్టి కూడా పట్టాడు. టేప్‌రికార్డరు ఉన్న టీకొట్టు, మంగలిషాపు, ట్రాక్టరు అన్నీ నాటకం వినిపించే చోట్లయ్యాయి. అంతకుముందు ఏ ఊరి మాట ఆ ఊర్లో తెల్లవారేసరికి కరిగిపోయేది. టేపు మీద అది గట్టిపడింది. రేపల్లె జనం కోసం ఆ రాత్రి పుట్టిన ఛలోక్తిని కడపలో ఎవరో పదిసార్లు వింటారు, తరువాతి నటుడు అదే నాటకమనుకుని కంఠస్థం చేస్తాడు. వీసీడీ వచ్చాక వేషం, సైగ కూడా చేరాయి. హాస్యం సీన్లను విడదీసి అమ్మడంతో చింతామణి అంటే సుబ్బిశెట్టి అనుకునే తరం వచ్చింది. బిల్వమంగళుడి వైరాగ్యం వరకు వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

ఇంటికొచ్చిన డిస్కు కథను మార్చడం ఒక్క మన దగ్గరే జరగలేదు. అమెరికాలో ‘ఫ్యామిలీ గై’ అనే పెద్దల కార్టూన్ హాస్య ధారావాహికను ఫాక్స్ చానల్ 1999లో మొదలుపెట్టి 2002లో ఆపేసింది. 2003లో డీవీడీలు వచ్చాయి, లక్షల్లో అమ్ముడుపోయాయి. ఆ అమ్మకాలు, వేరే చానల్లో పునఃప్రసారానికి దక్కిన ఆదరణ చూసి ఫాక్స్ 2005లో మళ్లీ మొదలుపెట్టింది. యూదుల మీద పరిహాసం నొప్పిస్తుందేమోనన్న భయంతో ఫాక్స్ ప్రసారం చెయ్యకుండా పక్కన పెట్టిన ఒక భాగం 2003లో ఆ డిస్కులతోనే ఇళ్లకు చేరింది. అందరి ముందు చూపించడానికి జంకిన దాన్ని ఇంటి బీరువాలోకి అమ్మడం అక్కడా జరిగింది.

మన దగ్గర నొప్పి బయటపడటానికి ఇంకా సమయం పట్టింది. సుబ్బిశెట్టి పాత్రతో తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు చాలా ఏళ్లుగా అంటూ వచ్చాయి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. ఈ నాటకమే బతుకుతెరువైన కళాకారులు రోడ్డెక్కారు. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు హైకోర్టుకు వెళ్లారు. ఆ ఏప్రిల్ 4నే బాపట్ల, రేపల్లె కలిసి కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. స్థానం పుట్టిన ఊరు, పేరు తెచ్చుకున్న ఊరు రెండు జిల్లాలైన సంవత్సరమే ఆయన ఆడిన నాటకం ఆగింది.

ఆ సంఘాల బాధ నిజమైనదే. ఒక కులం పేరు పెట్టి వందసార్లు అదే నవ్వు నవ్వితే వినే పిల్లవాడికి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కానీ ఆ మాటల్లో ఎక్కువ భాగం కాళ్లకూరి పుస్తకంలోవి కావు. పందిట్లో పుట్టి, టేపు మీద నిలిచిపోయినవి. పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు ఆడితే నష్టపోయేది ఎవరూ లేరు. పైగా, ఉత్తర్వు ఆపింది రంగస్థలాన్ని. కేసెట్టు, వీసీడీ, ఫోను జోలికి అది పోలేదు. నాటకం ఆడి కూలి తీసుకునే నటుడికి ఆ రాత్రి పని పోయింది. ఎప్పుడో రికార్డయిన సుబ్బిశెట్టి మాత్రం ఇళ్లలో మాట్లాడుతూనే ఉన్నాడు.