నిద్రలో నడక, మెలకువలో దిగులు

మద్రాసు హైకోర్టు తీర్పుల్లో, 1959 లా రిపోర్టుల్లోకి ఎక్కిన కేసు ఒకటుంది. రాత్రిపూట ఒక తల్లి పసిబిడ్డతో సహా బావిలో దూకింది. బిడ్డ పోయింది, తల్లి బతికింది. ఆమె మీద హత్య, ఆత్మహత్యాయత్నం నేరాలు మోపారు. నిద్రలో నడుస్తూ ఒళ్లు తెలియని స్థితిలో చేసిందని ఆమె తరఫు వాదన. అప్పటి శిక్షాస్మృతి 84వ సెక్షన్ కోరిన మతిస్థిమితం లేని స్థితి రుజువు కాలేదని కోర్టు దాన్ని తోసిపుచ్చింది. లా విద్యార్థులు ఇప్పటికీ దీన్ని నిద్రలో నడక కేసుగానే చదువుకుంటారు. ఇవాళ్టి సైకియాట్రిస్టు అయితే ముందుగా ఇంకోటి అడుగుతాడు: కాన్పయ్యాక ఆ తల్లి మనసు ఎలా ఉండేది?

మద్రాసులో మనోవ్యాధుల ఆసుపత్రి కొత్తదేం కాదు. సర్జన్ వాలెంటైన్ కానలీ 1794లో మొదలుపెట్టిన పిచ్చాసుపత్రి 1871లో కీల్పాక్‌కు మారింది. హైదరాబాదు వాళ్ల నోట ఎర్రగడ్డ ఎలాగో, చెన్నై వాళ్ల నోట కీల్పాక్ అలా. రాత్రి నడిచేవాళ్లు మాత్రం అంత దూరం ఎందుకు వెళతారు? తెల్లారితే మామూలు మనుషులే కదా. గాలి సోకిందనుకుంటే తాయెత్తు కట్టించేవారు, మరీ భయమేస్తే షోలింగూరు కొండకు ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లేవారు. మతి చెడిందనుకున్న వాళ్లను ఆ కొండ దగ్గర ఉంచే ఆనవాయితీ ఈనాటికీ పోలేదు. పిల్లల్లో నడక ఎలాగూ వయసుతో తగ్గేదే. ఆ తగ్గిన పుణ్యమంతా తాయెత్తు ఖాతాలో పడింది.

ఐరోపా వాళ్లేం తక్కువ తినలేదు. 1784లో ఫ్రాన్సులో ప్యూసెగూర్ అనే దొర, మనుషుల్ని మత్తులోకి దింపి, అదీ నిద్రానడక లాంటిదేనన్నాడు. 1914లో ఫ్రాయిడ్ శిష్యుడు ఇసిడోర్ సాడ్గర్ నిద్రలో నడక మీద ఏకంగా పుస్తకమే రాసి, అణచుకున్న కోరికలే మనిషిని లేపి నడిపిస్తాయన్నాడు. దయ్యం స్థానంలో కోరిక వచ్చింది, అంతే. కలలో ఉన్న మనిషే లేచి నడుస్తున్నాడన్న నమ్మకాన్ని ఎవరూ కదపలేదు.

దాన్ని కదిపింది మెదడు అలల్ని నమోదు చేసే ఈఈజీ యంత్రం. 1965లో అమెరికాలో జేకబ్సన్, కేల్స్ బృందం నిద్రలో నడిచేవాళ్ల తలకు తీగలు అతికించి రాత్రంతా చూసింది. వాళ్లు లేచింది కలలొచ్చే నిద్రలోంచి కాదు, మెదడు అలలు నెమ్మదించి సాగే గాఢనిద్రలోంచి. 1968లో రోజర్ బ్రాటన్ దీన్ని మెలకువ రావడంలో వచ్చే లోపంగా చూపించాడు: మెదడులో ఒక భాగం లేస్తుంది, ఒక భాగం లేవదు. అందుకే పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లోనే ఇది ఎక్కువ. గాఢనిద్ర పిల్లల సొత్తు కాబట్టి పిల్లల్లోనే ఎక్కువ. క్యూబెక్‌లో పుట్టినప్పటి నుంచి గమనించిన పిల్లల్లో పదేళ్ల వయసుకి 13.4 శాతం మంది నడిచారు. తల్లిదండ్రులిద్దరికీ ఆ అలవాటుంటే పిల్లల్లో 61.5 శాతానికి వచ్చింది. ఇందులో వంశపారంపర్యత పాలు కనబడుతోంది. పిల్లవాడు నడిచాడని వాడి మనసులో ఏదో బెంగ వెతకడం చాలాసార్లు అనవసరం.

పెద్దవాళ్ల సంగతి వేరు. పెద్దయ్యాకా నడుస్తున్నవాళ్లలో మానసిక సమస్యలు ఎక్కువని కేల్స్ 1980లోనే రాశాడు. పెద్ద లెక్క 2012లో వచ్చింది. మారిస్ ఓహయోన్ బృందం అమెరికాలో 19,136 మందిని ఫోనులో ప్రశ్నించింది. డిప్రెషన్ ఉన్నవాళ్లు రాత్రి లేచి తిరిగే అవకాశం, అది లేనివాళ్లకంటే 3.5 రెట్లు ఎక్కువ. ఈ అంకెను పట్టుకుని దిగులే నడిపిస్తోందంటే తొందరపాటు. డిప్రెషన్ నిద్రను ముక్కలు చేస్తుంది, ముక్కలైన నిద్రలో సగం మెలకువలకు చోటు పెరుగుతుంది. పైగా మందులున్నాయి. లిథియంతో పాటు ఇతర మానసిక మందులు వాడినవాళ్లలో ఇలాంటి నడకలు 1979లోనే నమోదయ్యాయి. జోల్పిడెమ్ లాంటి నిద్రమాత్రల వివరాల పత్రంలో నిద్రలో నడక గురించి అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని అమెరికా ఎఫ్‌డీఏ 2019లో ఆదేశించింది. జబ్బు పాలెంత, మాత్ర పాలెంత అన్నది ఒక్కో మనిషి దగ్గరా విడిగా తేల్చుకోవాల్సిందే. ఏ మాత్ర ఏ తేదీన మొదలైంది, నడక అంతకు ముందుందా, తర్వాతా అన్నది కేసు షీటులో రాసి ఉంటే సగం పని అయినట్టే.

మళ్లీ మద్రాసుకే వస్తే, ఇవాళ్టి చెన్నైలో డిప్రెషన్ కొలత ఉంది. డాక్టర్ వి. మోహన్ సంస్థ చేసిన క్యూర్స్ సర్వే 25,455 మందిని పరీక్షించి, 15.1 శాతం మందిలో డిప్రెషన్ ఉందని 2009లో ప్రచురించింది. ఇలాంటి సర్వేల్లో డిప్రెషన్‌ను అంచనా వేయడానికి వాడే పీహెచ్‌క్యూ తరహా ప్రశ్నావళిలో నిద్ర పట్టడం లేదా, మరీ ఎక్కువ పడుతోందా అని ఉంటుంది. రాత్రి లేచి తిరుగుతున్నారా అన్నది ఉండదు. ఉన్నా, నడిచిన మనిషికి తెల్లారేసరికి చాలాసార్లు ఏమీ గుర్తుండదు. ఆ ప్రశ్న వేయాల్సింది పక్కన పడుకున్నవాళ్లకి.