సరుకు వాహనాల బరువు సామర్థ్యం పెంపు: చట్టం, బీమా (రామగుండం బొగ్గు ప్రాంతం)

సరుకు వాహనం ఎంత బరువుతో రోడ్డెక్కవచ్చో దాని ఆర్సీలో రాసిన స్థూల బరువు నిర్ణయిస్తుంది. బండి, సరుకు కలిపిన బరువు అది. అదనపు కమాను పట్టీలు, గట్టి టైర్లు, ఎత్తు పెంచిన డబ్బా ఆ అంకెను ఒక్క కిలో కూడా మార్చవు. సింగరేణి బొగ్గు, ఎన్టీపీసీ బూడిద, గోదావరి ఇసుక లారీలకెక్కే రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో చిక్కంతా డబ్బా దగ్గరే. వదులుగా పోసిన బొగ్గు ఘనమీటరుకు టన్ను లోపే తూగుతుంది, ఇసుక దాదాపు టన్నున్నర ఉంటుంది. బొగ్గు కోసం పలకలు ఎత్తిన టిప్పరులో అంచుదాకా ఇసుక పోస్తే, కాంటా ఎక్కకముందే అది ఓవర్‌లోడు.

1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ కింద గరిష్ఠ బరువులను కేంద్రం ప్రకటిస్తుంది, రవాణా అధికారి వాటిని ఆర్సీలో నమోదు చేస్తారు. 2018 జూలై 16 నాటి నోటిఫికేషన్ రెండిరుసుల లారీ పరిమితిని 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడిరుసులకు 25 నుంచి 28.5కు, అయిదిరుసులకు 37 నుంచి 43.5కు పెంచింది. ఆ పరిమితికి లోబడి ఆర్సీని సవరించుకోవడమే చట్టబద్ధమైన దారి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో దీన్ని ఖరారు చేసింది. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఓవర్‌లోడుకు 2019 సెప్టెంబరు నుంచి 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. జరిమానా కట్టేసి అదే లోడుతో కదలడం పాత అలవాటు. అది చెల్లదని, అదనపు సరుకు దించాల్సిందేనని సుప్రీంకోర్టు 2005 నవంబరులోనే చెప్పింది.

బీమాలో బాధితుడి దారి వేరు, యజమాని దారి వేరు. థర్డ్ పార్టీ పరిహారాన్ని కాదనడానికి 150వ సెక్షన్ కంపెనీకిచ్చిన కారణాల్లో ఓవర్‌లోడు పేరు లేదు; ముఖ్యమైన విషయం దాచిపెట్టి పాలసీ తీసుకోవడం మాత్రం ఉంది. సొంత బండి నష్టం దగ్గరకొస్తే యజమానికి కోత తప్పదు. 2010లో సుప్రీంకోర్టు ఉటంకించిన బీమా మార్గదర్శకాల ప్రకారం ఓవర్‌లోడు బండికి చెల్లించేది అర్హమైన క్లెయిములో 75 శాతం మించదు. సామర్థ్యం తక్కువ చేసి చెబితే మూడేళ్ల ప్రీమియం తేడా, క్లెయిములో 25 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కోసేస్తారు. దాచడంలో లాభమెంతో చూస్తే నవ్వొస్తుంది. 37 టన్నుల లారీ 43.5 టన్నులకు మారితే 40,000 కిలోల శ్రేణి దాటుతుంది. 2022 జూన్ నాటి రేట్లలో థర్డ్ పార్టీ ప్రీమియం 43,950 నుంచి 44,242 రూపాయలకు చేరుతుంది. తేడా 292 రూపాయలు.

చిన్న బండ్లకు లైసెన్సు గీత కూడా ఉంది. 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి మోటారు వాహన (ఎల్‌ఎంవీ) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. ఆర్సీలో బరువు ఆ గీత దాటితే అదే డ్రైవరు ఆ లైసెన్సుతో ఆ బండి నడపకూడదు. తగిన లైసెన్సు లేకపోవడం 150వ సెక్షన్‌లో ఉన్న కారణమే.